తాళం వెనక మామయ్యగారు

మా మామయ్యగారు పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని ఆసుపత్రిలో చేర్చాం. ఆరు రోజులు ఉన్నారు. ఏడో రోజు పొద్దున తొమ్మిదింటికి నేను వంటింట్లో జావ కాచి ఫ్లాస్కులో పోస్తుంటే ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "జావ తేవద్దులే" అన్నారు.  నాకు అర్థమైంది. అయినా ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాను, ఎందుకో తెలీదు. ఆ జావ సాయంత్రం దాకా వేడిగానే ఉంది.

ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్ళు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ "నిండు జీవితం అమ్మా, అదృష్టవంతుడు" అన్నారు. నేను తలూపాను. ఆ నిండు జీవితంలో ఎనిమిది నెలలు ఆయన్ని ఇంట్లో పెట్టి నేనే తాళం వేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆయన్ని తలుచుకోవాలంటే నాకు ఆ తాళం దాటకుండా కుదరదు.

మామయ్యగారిది పామర్రు దగ్గర నేతపనివాళ్ళ ఊరు. వాళ్ళింట్లో గుంట మగ్గం ఉండేది. నేలలో మోకాళ్ళలోతు గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం. పదిహేనో ఏట అందులో కూర్చున్న మనిషి అరవై దాటాక లేచారు. కుర్రతనంలో మాత్రం సాయంత్రం కాగానే మగ్గం దిగి, బడి ఆవరణలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారట. షటిల్ కాదు అది. పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మధ్యలో నెట్టు. మా వైపు ఊళ్ళలో ఒకప్పుడు ఈ ఆట ఆడని వీధి ఉండేది కాదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక ఆయనకి ఆట పోయింది. ముప్ఫై అయిదేళ్ళు బ్యాటు ముట్టుకోలేదు.

అత్తయ్యగారికి జబ్బు చేసినప్పుడు వైద్యం కోసం ఇద్దరూ విజయవాడ వచ్చి మాతో ఉన్నారు. మాది భవానీపురంలో మూడో అంతస్తు ఫ్లాటు. మా ఆయనకి వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్టు. పొద్దున వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. నేను అప్పుడొక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. అత్తయ్యగారిని చూసుకోవడానికి మానేశాను. రెండేళ్ళకి ఆవిడ పోయారు. నేను మళ్ళీ స్కూలుకి వెళ్ళలేదు. మామయ్యగారు మళ్ళీ ఊరికి వెళ్ళలేదు.

అప్పటికి ఆయన నడుం వంగిపోయి ఉంది. మోకాళ్ళు పట్టేసి ఉండేవి. వీధి చివరికి వెళ్ళి పాలపాకెట్టు తేవడానికే ఆయాసపడేవారు. ఒకరోజు పాలకని వెళ్ళి గంటన్నర దాకా రాలేదు. నేను కంగారుపడి చెప్పులేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చారు. చేతిలో పాలు లేవు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రెండు వీధుల అవతల గ్రౌండులో నా ఈడు వాళ్ళు బంతాట ఆడుతున్నారమ్మా. నిలబడి చూస్తుంటే నన్నూ రమ్మన్నారు. ఒక బంతి కొట్టా."

"గంటన్నరా ఒక్క బంతేనా మామయ్యగారూ?"

"తగిలింది ఒకటే."

ఆ రోజు నుంచి ఇంట్లో పాలు తెచ్చే పని నాదయింది.

ఏడాది తిరిగేసరికి ఆయన నడుం చాలావరకు నిటారైంది. మోకాళ్ళ నొప్పి పోయిందని అనను గానీ, ఆయన దాని గురించి మాట్లాడటం మానేశారు. తెల్లటి నిక్కరు, తెల్ల చొక్కా, కాన్వాసు బూట్లు కొనుక్కున్నారు. నాకు ఆ నిక్కరే ఇబ్బంది. మామగారు మోకాళ్ళు కనిపించే నిక్కరుతో లిఫ్టులో దిగుతుంటే పక్కింటివాళ్ళ ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నేనేమీ అనలేదు, ఆయనే కనిపెట్టారు. మర్నాటి నుంచి నిక్కరు మీద లుంగీ కట్టుకుని వెళ్ళేవారు. గ్రౌండు గేటు దగ్గర లుంగీ విప్పి, మడిచి, సంచిలో పెట్టుకునేవారట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది.

సాయంత్రాలు బాల్కనీలో పాత బంతులు ముందేసుకుని కూర్చునేవారు. ఆడగా ఆడగా ఉన్ని లేచి, పోగులు ఊడిపోతాయి. ఊడిన పోగుని వేళ్ళతో పట్టి, లోపలికి తోసి, కనిపించకుండా ముడేసేవారు. నేతగాడి ముడి. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది, ఎంత లాగినా రాదు. జట్టులో వాళ్ళందరి బంతులూ మా ఇంటికే వచ్చేవి. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుక్కుంటూ అడిగేదాన్ని, ఈ వయసులో అంతలా బంతి వెనక పరిగెత్తకపోతే ఏమని.

"బంతి నా దగ్గరికే వచ్చిద్దని నిలబడితే రాదమ్మా. మనమే ఒకడుగు వెయ్యాలి. ఆ అడుగు కోసమే ఆడేది" అనేవారు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి.

డెబ్బై అయిదో ఏట వానాకాలంలో కోర్టు తడిగా ఉన్నా ఆడారు. తల మీదుగా వెళ్తున్న బంతి కోసం వెనక్కి పరిగెత్తి జారిపడ్డారు. ఎడమ ముంజేయి విరిగింది. జట్టులో ఒక పోస్టుమాస్టరు గారు ఉండేవారు, రిటైరై చాలాకాలమైంది. ఆయనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి మాకు ఫోన్ చేశారు. డాక్టరు కట్టు కట్టి, "ఆరు వారాలు కదల్చకండి. ఆ తరవాత మెల్లిగా మొదలుపెట్టొచ్చు" అన్నాడు. మొదటి మాట మేమందరం విన్నాం. రెండో మాట ఎవరమూ వినలేదు.

గుంటూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"ఆ వయసులో ఆటలేంటి వదినా, నువ్వైనా చెప్పొద్దా? నాన్నకి ఏమన్నా అయితే ఇంట్లో ఉండేది నువ్వు. అన్నయ్యని ఎవరూ అనరు, నిన్నే అంటారు."

ఆమె చెడ్డమనిషి కాదు. భయపడి అంది. కానీ ఆ చివరి మాట నాకు ముల్లులా దిగింది. అవును, నన్నే అంటారు. అత్తగారు పోయినప్పుడు కూడా, రెండేళ్ళు నేను చేసిన చాకిరీ చూసినవాళ్ళే, మందు వేళకి ఇచ్చానా లేదా అని అడిగారు.

మా ఆయన తండ్రి ముందు కూర్చుని, "ఇక ఆట లేదు నాన్నా. చాలు" అన్నారు. మామయ్యగారు కట్టు వైపు చూసుకున్నారు.

కట్టు విప్పిన వారానికి ఆయన చెప్పకుండా గ్రౌండుకి వెళ్ళారు. ఆడటానికి కాదు, గట్టు మీద కూర్చుని చూడ్డానికి. అది మా ఆయనకి తెలిసింది. ఆ సాయంత్రం కొట్టు నుంచి వస్తూ అరచేతంత ఇత్తడి తాళం తెచ్చారు. మా గుమ్మానికి బయటి వైపు దొంగల భయానికి వేయించిన గ్రిల్ గేటు ఉంది. ఆ తాళం దానికి వేశారు. రెండు తాళంచెవులు. ఒకటి ఆయన జేబులో. ఒకటి నా మెళ్ళో సూత్రాల గొలుసుకి వేలాడే పిన్నీసుకి.

"ఆయన మంచికేగా" అన్నారు మా ఆయన.

"అవును" అన్నాను నేను.

మొదటి నెల మామయ్యగారు హాల్లో నడిచేవారు. బాల్కనీ నుంచి వంటింటి గుమ్మానికి పంతొమ్మిది అడుగులు. పైకి లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. బాల్కనీకి పావురాలు రాకుండా నైలాన్ వల కట్టించి ఉంది. ఆ వల పట్టుకుని నిలబడితే ఎదుటి అపార్టుమెంటు వెనకగోడ, దాని మీదుగా దిగే పైపులు కనిపిస్తాయి. రోజూ పొద్దున ఆరింటికి అక్కడ నిలబడి, "ఈపాటికి ఒకాట అయ్యుంటది" అనేవారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

రెండో నెలలో లెక్క పైకి వినిపించడం ఆగిపోయింది. నాలుగో నెలలో నడక కూడా ఆగింది. టీవీ ముందు కుర్చీలో కూర్చుంటే మళ్ళీ అన్నానికే లేవడం. ముద్దలు తగ్గాయి. లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, రెండుసార్లు ఊగి లేవాల్సి వచ్చేది. బాత్రూముకి గోడ పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. నేను ఇదంతా చూశాను. చూసి ఏమనుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పోన్లే, గొడవ చెయ్యడం మానేశారు, అలవాటు పడ్డారు అనుకున్నాను. నెమ్మదిగా ఉన్నారని మా ఆడపడుచుకి ఫోన్‌లో చెప్పాను కూడా.

పోస్టుమాస్టరు గారు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికి వచ్చేవారు. తెల్ల చొక్కా, చంకలో జిప్పు కవరు వేసిన బైబిలు. జట్టువాళ్ళని లోపలికి రానిస్తే మాటల్లో పెట్టి తీసుకుపోతారని మా ఆయన గట్టిగా చెప్పి ఉన్నారు. అందుకని ఆ పెద్దమనిషి బయట మెట్టు మీద కూర్చునేవారు. మామయ్యగారు లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవారు. మధ్యలో ఊచలు.

"ఏమండోయ్, మీరు లేక కోర్టు సెంటర్లో గోతిలా ఉందండీ. బంతులన్నీ అక్కడే పడుతున్నాయి."

"నువ్వు నిలబడొచ్చుగా."

"నిలబడ్డాను. గొయ్యి ఇంకా పెద్దదయింది."

ఇద్దరూ నవ్వేవారు. నేను కాఫీ గ్లాసు ఊచల మధ్య నుంచి బయటికి అందించేదాన్ని. ఒకసారి అలా అందిస్తుంటే వంగినప్పుడు నా మెళ్ళో తాళంచెవి గ్రిల్‌కి తగిలి టక్కుమంది. పోస్టుమాస్టరు గారు దాన్ని చూసి చూపు తిప్పుకున్నారు. "కాఫీ బావుందమ్మా" అన్నారు. నేను తాళంచెవిని పైట కింద దాచుకున్నాను. అయినా తాళం తియ్యలేదు.

వెళ్ళబోతూ ఆయన సంచిలో నుంచి మూడు బంతులు తీసి ఊచల్లోంచి ఇచ్చారు. "కొత్తవండీ, రెండాటలకే పోగులు ఊడిపోయాయి. మీరు ముడేస్తేగానీ నిలబడవు."

మామయ్యగారు ఆ మూడు బంతులకీ వారమంతా ముడులు వేశారు. వేళ్ళు మునుపట్లా ఆడటం లేదు. ఒక సాయంత్రం అలా కూర్చుని ఉన్నప్పుడు, నేను ఎదురుగా కూర్చుని షుగరు మాత్ర మింగుతుంటే నన్ను చూసి అన్నారు:

"నన్ను లోపల పెట్టి తాళం వేశావు, బానే ఉందమ్మా. మరి నువ్వు ఏ పక్కనున్నావో చూసుకున్నావా?"

కోపంగా అనలేదు. దారప్పోగు సూదిలోకి ఎక్కిందా అని అడిగినట్టు మామూలుగా అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి గిన్నెలు కడిగాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. స్కూలు మానేసి పద్నాలుగేళ్ళు. మూడంతస్తులు ఎక్కితే మధ్యలో రెండుసార్లు కూర్చునే ఒళ్ళు. రోజుకి ఒకసారి కూరలకి, వారానికి ఒకసారి గుడికి. ఆయన్ని కాపలా కాయడానికి నేనూ ఇంట్లోనే ఉండాలి కదా. ఉన్నాను.

అప్పుడైనా తాళం తీసి ఉంటే బావుండేది.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం. మా ఆయన సరుకు చూడ్డానికి పెడన వెళ్ళారు. మా అమ్మాయి హాస్టల్లో ఉంది. నేను రైతుబజారుకి వెళ్ళాలి. మామయ్యగారు కుర్చీలో కునుకు తీస్తున్నారు. ఎప్పట్లాగే గ్రిల్‌కి తాళం వేసి వెళ్ళాను. బజారులో తెలిసినావిడ కనిపిస్తే కాసేపు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి కరెంటు లేదు, లిఫ్టు ఆగిపోయింది. రెండు సంచులతో మెట్లెక్కి రెండో అంతస్తులో కూర్చుండిపోయాను. పై నుంచి మాటలు వినిపిస్తున్నాయి. మా అంతస్తులోనే.

పైకి వెళ్ళేసరికి మా గ్రిల్ ముందు పోస్టుమాస్టరు గారు, వాచ్‌మన్, పక్కింటావిడ ఉన్నారు. వాచ్‌మన్ రాడ్డుతో తాళం విరగ్గొట్టబోతున్నాడు. లోపల, బాత్రూము గుమ్మానికి ఇవతల మామయ్యగారు నేల మీద పడి ఉన్నారు. లుంగీ తడిసి ఉంది. పడ్డచోటి నుంచి రెండు బారలు పాక్కుంటూ వచ్చి ఆగిపోయారు. ఫోను టీవీ పక్కన బల్ల మీద ఉంది, అందదు. చర్చి నుంచి పోస్టుమాస్టరు గారు వచ్చి పిలిస్తేగానీ ఆయన పడ్డ సంగతి ఎవరికీ తెలీదు.

సంచులు కింద పడేశాను. పిన్నీసు నుంచి తాళంచెవి రాలేదు. గొలుసుతోనే వంగి పెట్టబోతే కన్నంలో దూరలేదు. లోపల నేల మీద నుంచి ఆయన గొంతు వినిపించింది.

"కంగారు పడకమ్మా. నేనెక్కడికీ పోను. నిదానంగా పెట్టు."

ఆ మాట నేను బతికున్నంత కాలం మర్చిపోను.

దేవుడి దయ వల్ల ఎముక విరగలేదు. తుంటి కమిలింది. ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆయన తొడలు నొక్కి చూసి, నా వైపు తిరిగింది.

"కాళ్ళలో కండే లేదు. మంచం మీద ఉన్నారా ఇన్నాళ్ళూ?"

"లేదండీ, ఇంట్లోనే... ఆటలాడి పడ్డారని బయటికి పంపట్లేదు. మళ్ళీ పడతారేమోనని."

"ఆడినన్నాళ్ళు ఎన్నిసార్లు పడ్డారు?"

"పన్నెండేళ్ళలో ఒక్కసారండీ."

ఆవిడ తల వంచుకుని కాగితం మీద రాసుకుంటూ ఉండిపోయింది. తిట్టినా బావుండేది.

ఆటోలో తిరిగి వస్తుంటే ఏడుపు ఆపుకోలేకపోయాను. "నన్ను తిట్టండి మామయ్యగారూ" అన్నాను. ఆయన రోడ్డు వైపు చూశారు. ఎనిమిది నెలల తరవాత రోడ్డు చూస్తున్నారు.

"తిట్టి ఏం చేస్తా. నువ్వు భయపడ్డావ్. నా కొడుకూ భయపడ్డాడు. కానీ ఒకటి చెప్తా విను. పడటం ఎట్టాగూ తప్పదమ్మా. కోర్టులో పడితే లేపడానికి తొమ్మిదిమంది ఉంటారు. ఇంట్లో పడితే నువ్వు తాళంచెవి వెతుక్కోవాలి."

మర్నాడు పాత ఇనపసామాను బండి వీధిలోకి వచ్చినప్పుడు, న్యూస్‌పేపర్లతో పాటు ఆ ఇత్తడి తాళం కూడా ఇచ్చేశాను. సాయంత్రం మా ఆయన పెడన నుంచి వచ్చి గ్రిల్ చూసి, "తాళమేది?" అన్నారు.

"ఇచ్చేశాను."

"ఎవరికి? నీకేమన్నా మతిపోయిందా? మళ్ళీ వెళ్ళి పడితే?"

"పడితే నలుగురూ ఉంటారు. నిన్న ఆయన నేల మీద పడి ఉంటే నేను ఈ బయట నిలబడి చూశాను. నువ్వు చూళ్ళేదు." ఆయన్ని ఎప్పుడూ 'మీరు' అనే నేను ఆ క్షణంలో 'నువ్వు' అన్నానని తరవాత తట్టింది. ఆయన కూడా దాన్ని పట్టించుకోలేదు. బూట్లు విప్పకుండానే సోఫాలో కూర్చుండిపోయారు. తరవాత లేచి, తండ్రి గదిలోకి వెళ్ళి, మంచం పక్కన నిలబడ్డారు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"ఉందిరా. కూచో."

ఇద్దరూ ఇంకేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. తలుపు దగ్గరికి వేసి ఉంది.

తాళం తీసినంత తేలిగ్గా కాళ్ళు రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టారు. మొదటి రోజు రెండుసార్లు. మూడోసారికి లేవలేక, పళ్ళు బిగించి, నా చెయ్యి కూడా వద్దని, కుర్చీలో కూలబడ్డారు.  వారం గడిచేసరికి నాలుగు. నేను ఎదురుగా నిలబడి లెక్కపెడుతుంటే అన్నారు: "లెక్కలు చెప్పే ఉద్యోగం మానేశావుగా. ఆ కుర్చీ లాక్కుని నువ్వూ లెగు." లేచాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఎనిమిదికే తొడలు మండిపోయాయి. ఆయన పకపకా నవ్వారు. ఆ ఇంట్లో ఆ నవ్వు వినిపించి ఎంతకాలమైందో.

రెండో నెలలో గోడ వదిలి నడిచారు. మూడో నెలలో నా భుజం పట్టుకుని డాబా ఎక్కారు. అక్కడ బట్టలారేసే తీగ మీద నా నేతచీర ఒకటి ఆరుతోంది. "అదే నెట్టు" అన్నారు. చీరకి అటు ఆయన, ఇటు నేను. బ్యాట్లు లేవు, చేతుల్తో విసురుకోవడమే. బంతి చీర మీదుగా వస్తుంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. "కళ్ళు మూసుకుంటే బంతి ఆగదమ్మా, అది వచ్చేది వచ్చిద్ది. చూస్తా ఉండు" అనేవారు అటు నుంచి. కృష్ణ మీద నుంచి గాలి వీస్తే చీర పొంగి ఆయన కనపడేవారు కాదు, గొంతు ఒక్కటే వినిపించేది. కింద పడ్డ బంతుల కోసం వంగి వంగి ఇద్దరం ఆయాసపడేవాళ్ళం.

గ్రౌండుకి మొదటిసారి తిరిగి వెళ్ళిన పొద్దున నేనూ వెంట వెళ్ళాను. వాళ్ళు ఆయన్ని ముందు వరసలో నెట్టు దగ్గర నిలబెట్టారు. అక్కడ పరిగెత్తే పని తక్కువ. ఆయన కొట్టిన మొదటి బంతి నెట్టుకి తగిలి కింద పడింది. ఎవరూ అయ్యో అనలేదు. "నెట్టు తెగలేదుగా, కానివ్వండి" అన్నారు పోస్టుమాస్టరు గారు. రెండోది అవతలికి వెళ్ళింది. మామయ్యగారు తిరిగి నా వైపు చూడలేదు. ఆటలో ఉన్నారు.

మళ్ళీ పడుచువాడయ్యారని చెప్పను. సెంటర్లో ఆడటం మళ్ళీ ఎప్పుడూ కుదరలేదు. నొప్పిగా ఉన్న రోజున గట్టు మీద కూర్చుని స్కోరు చెప్పేవారు. కోర్టు తడిగా ఉంటే ఇల్లు కదిలేవారు కాదు. "నువ్వు ఆపకపోయినా ఆగుతున్నాను చూడు" అని నన్ను ఏడిపించేవారు. లుంగీ సంగతి నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. ఇక కట్టుకోవద్దని చెప్పాను. నేను వాళ్ళు ఆడుతున్నంతసేపూ గ్రౌండు చుట్టూ తిరిగేదాన్ని. తరవాత మా అపార్టుమెంటులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దవాళ్ళ ఆట అయ్యాక మాకు కోర్టు ఇచ్చేవారు. నా షుగరు పోలేదు, మాత్ర అలాగే ఉంది. కానీ మూడంతస్తులూ కూర్చోకుండా ఎక్కుతున్నాను.

కిందటి చలికాలం పామర్రులో ఒక పాత ఆటగాడు, డెబ్బై దాటినవాళ్ళందరూ ఒక ఆదివారం వచ్చి బడి ఆవరణలో ఆడుకుందామని కబురు పెట్టాడు. మా జట్టు బస్సులో బయల్దేరింది. మామయ్యగారి మందులు, మంచినీళ్ళు మోయడానికని నేనూ వెళ్ళాను. రెండాటలూ ఓడిపోయారు. అవతలివాళ్ళలో ఒకాయనకి ఎనభై రెండట, ఆయన సర్వీసు ఒక్కటి కూడా మావాళ్ళకి అందలేదు. ఆట అయ్యాక అరటాకుల్లో పులిహోర పెట్టారు. మిగతావాళ్ళు సాయంత్రం దాకా ఉంటామన్నారు. మామయ్యగారు, నేను బయల్దేరాం.

ఊరి సెంటర్లో బస్సు ఎంతకీ రాలేదు. అరుగు మీద కాసేపు కూర్చున్నాక ఆయన లేచారు.

"గట్టు మీదుగా పోతే తరవాతి స్టాపు దగ్గరే. నడుద్దాం రా."

"బస్సు వచ్చేస్తుందేమో మామయ్యగారూ."

"వస్తే అక్కడ కూడా ఆగిద్ది."

కాలువ గట్టు ఎక్కాం. ఒక పక్క నిండుగా నీళ్ళు. ఇంకో పక్క వరి కోసేసిన మళ్ళలో మినుము మొలిచి, మోళ్ళ మధ్య నుంచి పచ్చగా పైకి వస్తోంది. సంచి నా భుజాన ఉంది. మొదట పక్కపక్కనే నడిచాం. కాసేపటికి ఆయన ఒకడుగు ముందయ్యారు. తరవాత పదడుగులు. ఓడిపోయిన మనిషి నడకలా లేదు. నేను సంచి భుజం మార్చుకుని, "మామయ్యగారూ, కొంచెం ఆగండి!" అని కేకేశాను. ఆయన ఆగలేదు, వెనక్కి తిరగనూ లేదు. కుడిచెయ్యి పైకెత్తి, రమ్మన్నట్టు ముందుకి ఊపారు. మళ్ళలో వాలిన కొంగలు ఆయన దగ్గరవగానే లేచి, కాలువ మీద ఒక చుట్టు తిరిగి, ఆయన దాటిపోయాక మళ్ళీ ఆ మళ్ళలోనే వాలుతున్నాయి.